ముందే చెబితే సరిపోయేది!

‘‘మిగతా పైసలు ఇయ్య. మీరేం జేస్కుంటరో జేస్కోండ్రి!’’

అవతల ఫోన్ ఠక్కున పెట్టేసిన చప్పుడు. 2006 మే నెల. అమీర్‌పేటలో మా ఆఫీసు. ఏసీ నడుస్తూనే ఉంది గానీ నాకు చెమటలు పట్టేశాయి. ఎదురుగా మా మేనేజర్. ‘‘ఏమన్నాడు?’’ అన్నట్టు కళ్లెగరేశారు. చెప్పాను. ఆయన తాపీగా టీ తాగి, ‘‘డెమో ఇచ్చింది నువ్వే కదా. వెళ్లి వసూలు చేసుకురా’’ అన్నారు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఉద్యోగం పేరు అప్లికేషన్ ఇంజినీర్. పేరు చూసి మా అమ్మ ఊరంతా గొప్పగా చెప్పుకునేది. చేసే పనులు మాత్రం మూడే. అమ్మేముందు డెమో ఇవ్వడం, అమ్మాక నేర్పించడం, గొడవ వస్తే వెళ్లి తిట్లు తినడం. మొదటి రెండూ బాగా చేస్తానని పేరుంది. మూడోదాన్ని ఎలా చేయాలో ఏ కాలేజీలోనూ చెప్పరు. నాకు నేర్పింది ఫోన్ పెట్టేసిన ఆ పెద్దాయనే.

ఆయనది జీడిమెట్లలో చిన్న షెడ్డు. ఓ ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో పాతికేళ్లు ఫిట్టర్‌గా చేసి, వీఆర్ఎస్ తీసుకుని, ఆ డబ్బుకు ఇంటి కాగితాలు తాకట్టుపెట్టి తెచ్చిన అప్పు కూడా కలిపి మిషన్ కొన్నాడు. హైదరాబాద్‌లో ఇలాంటి షెడ్లు వందల్లో ఉన్నాయి. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు వెళితే సందుకో షెడ్డు. పెద్ద ఫ్యాక్టరీల్లో పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి పెట్టుకున్నవే చాలా. మిషన్ పని నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 1968లో బాలానగర్‌లో పెట్టిన టూల్ డిజైన్ సంస్థ ఇప్పటికీ ఉంది. నేనూ అక్కడే చదివాను.

పెద్దాయన చేసేవి క్యామ్‌లు. మందుబిళ్లలను స్ట్రిప్పుల్లో ప్యాక్ చేసే మిషన్లుంటాయి కదా, వాటిలో ఓ గుండ్రటి ఉక్కు దిమ్మె ఉంటుంది. దాని చుట్టూ పాములా మెలికలు తిరిగే గాడి. దిమ్మె తిరుగుతుంటే ఆ గాడిలో ఇరుక్కున్న రోలర్ అటూ ఇటూ కదులుతుంది. దానితో పాటే మిషన్ చెయ్యీ కదులుతుంది. గాడి ఒక వెంట్రుకవాసి తేడా వచ్చినా చెయ్యి జెర్కిస్తుంది. బిళ్ల పక్కన పడుతుంది.

ఆ గాడిని చెక్కడానికి తిరిగే టేబుల్ బిగించిన మిల్లింగ్ మిషన్ కావాలి. అది ఆయన దగ్గరుంది. ఏ క్షణంలో ఎంత కదలాలో మిషన్‌కు చెప్పే ప్రోగ్రామ్ మాత్రం బయట రాయించేవాడు. జాబ్‌కు ఇంతని ఇచ్చి, రెండ్రోజులు ఎదురుచూసి... ‘ఈ బాధెందుకు, సాఫ్ట్‌వేర్ మనమే కొనుక్కుందాం’ అనుకున్నాడు. అలా మాకు దొరికాడు. ‘దొరికాడు’ అన్నమాట మా ఆఫీసులో వాడేదే. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

అసలు ఏమిటీ పోస్ట్?

గొడవ అర్థం కావాలంటే ముందు మీకో చిన్న విషయం చెప్పాలి.

మిషన్‌కు అంకెలతో పని చెప్పే విద్య అమెరికాలో మొదలైంది. హెలికాప్టర్ రెక్కల కోసం జాన్ పార్సన్స్ అనే ఆయన చేసిన ఆలోచనను తీసుకుని, 1952లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్లు అలాంటి మిల్లింగ్ మిషన్‌ను నడిపి చూపించారు. ఆ అంకెల పొడుగు లెక్కలు చేతితో వేయలేక, వాటిని కంప్యూటర్‌తో వేయించే ఏపీటీ అనే భాషను తయారుచేసి 1959లో లోకానికి చూపించారు. ఆ రోజు వచ్చిన విలేకరులకు ఆ పద్ధతిలో చెక్కిన అల్యూమినియం యాష్‌ట్రేలు ఇచ్చారట!

చిక్కు అప్పుడే మొదలైంది. కంప్యూటర్ లెక్క వేసి, కట్టర్ ఏ దారిన వెళ్లాలో చెబుతుంది. ఆ దారిని ప్రతి మిషన్‌కూ దాని సొంత యాసలో చెప్పాలి. ఫానుక్ కంట్రోలర్‌ది ఒక యాస, సీమెన్స్‌ది ఒకటి, హైడెన్‌హైన్‌ది ఇంకొకటి. జీ-కోడ్ అనే ఉమ్మడి భాషకు అమెరికాలో 1960ల్లో, అంతర్జాతీయంగా 1982లో ప్రమాణాలు వచ్చాయి. వచ్చినా ఏం లాభం? తెలుగు ఒకటే అయినా శ్రీకాకుళం యాస వేరు, చిత్తూరు యాస వేరు, ఆదిలాబాద్ యాస వేరు కాదూ? ఇదీ అంతే. పైగా మిషన్ తయారుచేసినవాడు సొంతంగా కొన్ని మాటలు కలుపుకుంటాడు. తిరిగే టేబుల్‌ను బిగించడానికి ఒకడు ఒక అంకె పెడితే, ఇంకొకడు ఇంకో అంకె పెడతాడు.

సాఫ్ట్‌వేర్ చెప్పింది విని మిషన్‌కు దాని యాసలో అప్పజెప్పే దుబాసీయే పోస్ట్ ప్రాసెసర్. వాడుకలో పోస్ట్. చూడ్డానికి అదో చిన్న ఫైలు. సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇలాంటివి పదుల్లో ఉచితంగా వస్తాయి. అవి రెడీమేడ్ చొక్కాల్లాంటివి. మామూలు మిషన్‌కు సరిపోతాయి. కొంచెం తేడా ఉన్న మిషన్ అయితే చెయ్యి పొడుగవుతుంది, మెడ బిగుస్తుంది. కూర్చుని సరిచేయాలి. దానికి మిషనూ తెలియాలి, సాఫ్ట్‌వేరూ తెలియాలి, ఓపికా ఉండాలి.

ఈ సరిచేసే పని ఎవరిది? దాని ఖర్చు ఎవరిది? ఈ వ్యాపారంలో నేను చూసిన గొడవల్లో చాలామటుకు ఈ రెండు ప్రశ్నల దగ్గరే పుట్టాయి.

నేనన్న ఒక్క మాట

డెమో రోజు నాకు బాగా గుర్తు. ల్యాప్‌టాప్ తెరమీద ఉక్కు దిమ్మె గిరగిరా తిరుగుతోంది. కట్టర్ గాడి చెక్కుకుంటూ పోతోంది. పెద్దాయన, వాళ్లబ్బాయి, ఆపరేటర్ కుర్రాడు నోరు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్లింటావిడ మజ్జిగ తెచ్చి, ఆవిడా కాసేపు నిలబడి చూసింది.

అంతా అయ్యాక పెద్దాయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ‘‘బొమ్మ మంచిగనే ఉంది బాబూ. మా మిషన్ మీద నడుస్తదా?’’

నేనేమన్నానో తెలుసా? ‘‘అన్ని మిషన్ల మీదా నడుస్తుంది సార్. పోస్ట్ లోపలే ఉంటుంది.’’

అబద్ధం కాదు. పోస్ట్ లోపలే ఉంటుంది, నిజమే. అయితే తిరిగే టేబుల్ ఉన్న ఆయన మిషన్‌కు అది ఉన్నదున్నట్టు పనికిరాకపోవచ్చని నాకు తెలుసు. అప్పటికే రెండు చోట్ల చూసి ఉన్నాను. చెబితే? ‘దానికెంత?’ అంటాడు. ముప్పై అయిదు వేలంటే ఆలోచనలో పడతాడు. ఈలోగా అవతలి కంపెనీ వాడొచ్చి ‘అంతా ఫ్రీ’ అంటాడు. నెలాఖరు. టార్గెట్. అందుకే సగం నిజం చెప్పి ఊరుకున్నాను.

ధర మూడు లక్షల అరవై వేలు. సగం అడ్వాన్సు, సగం ఇన్‌స్టలేషన్ అయ్యాక. వెళ్లి సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. రెండు రోజులు నేర్పించాను. ఓ చదునైన ప్లేటు మీద నాలుగు రంధ్రాలు, ఓ గాడి చేసి చూపించాను. చక్కగా వచ్చింది. రావడంలో వింతేమీ లేదు, అలాంటి పనికి రెడీమేడ్ పోస్ట్ చాలు. ‘ఇన్‌స్టలేషన్ తృప్తికరంగా జరిగింది’ అన్న కాగితం మీద పెద్దాయన సంతకం తీసుకుని వచ్చేశాను.

పది రోజులకు ఆయన అసలు జాబ్ ఎక్కించాడు.

ఆ జాబ్‌లో గాడి దిమ్మె చుట్టూ ఒకటిన్నర చుట్లు తిరగాలి. మొదటి చుట్టు పూర్తయ్యేసరికి టేబుల్ 359 డిగ్రీల దగ్గరికి వచ్చింది. తర్వాత 360. మా పోస్ట్ 360ని మళ్లీ సున్నా అని రాసింది. కాగితం మీద తప్పులేదు. చుట్టు పూర్తయితే మళ్లీ సున్నాయే కదా! కానీ ఆయన టేబుల్‌కు ‘సున్నాకు పో’ అంటే బయల్దేరిన చోటికి వెనక్కి పొమ్మని అర్థం. కట్టర్ ఇంకా గాడిలోనే దిగి ఉంది. టేబుల్ గిర్రున వెనక్కి తిరిగింది. ఆపరేటర్ ఎర్ర బటన్ నొక్కేసరికి గాడికి అడ్డంగా దిమ్మె చుట్టూ ఒక ఉంగరంలా కోత పడిపోయింది. కట్టర్ విరిగింది. అరవైపాళ్లు పూర్తయిన పట్టుచీరకు మగ్గం మీదే అడ్డంగా కత్తెర పడితే ఎలా ఉంటుందో, అలా ఉంది ఆ దిమ్మె.

ఉక్కు ఖరీదు ఒక ఎత్తు. దాన్ని లేత్ మీద పెట్టి, గ్రైండింగ్ చేయించి అంతవరకూ తీసుకురావడానికి ఆరు రోజుల పని పట్టింది. అది ఇంకో ఎత్తు. అవతల ప్యాకింగ్ మిషన్ వాళ్లకు ఇస్తానన్న తేదీ దగ్గరపడింది.

ముగ్గురూ నిజమే చెప్పారు

ఆ తర్వాత నెలరోజులు ఉత్తరాలు నడిచాయి. ఆయన మిషన్ కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్లొచ్చి చూసి, ‘‘మిషన్‌కేం జబ్బు లేదు. దానికి ఏం చెప్పారో అదే చేసింది’’ అన్నారు. మా ఆఫీసు నుంచి ఓ ఉత్తరం వెళ్లింది. ‘‘సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. ప్రామాణికమైన పోస్ట్ ఇచ్చాం. ఇన్‌స్టలేషన్ తృప్తికరమని మీరే సంతకం చేశారు. మీ మిషన్‌కు తగ్గట్టు మార్చాలంటే అదనంగా రూ.35,000.’’ ఆయన జవాబు, వాళ్లబ్బాయి చేత రాయించాడు. ‘‘ఫ్యాన్ కొన్నాం. తిరగాలంటే ఇంకో ముప్పై అయిదు వేలు ఇమ్మంటున్నారు. ఇదేం పద్ధతి?’’

విచిత్రమేమిటంటే ముగ్గురిలో ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు. మిషన్ బాగానే ఉంది. సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది. కొన్నవాడి కోపమూ న్యాయంగానే ఉంది. ఈ రెండింటినీ అతికించే పని ఒకటుందే, దాన్నే ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. క్వొటేషన్‌లో దానికి ఒక్క లైను కూడా లేదు. దానికో పేరు, ధర, తేదీ ఏవీ లేవు. పేరు పెట్టని పని చివరికి ఎవరిదీ కాకుండా పోయింది.

పెద్దాయన అల్లుడు లాయరు దగ్గర జూనియర్. వినియోగదారుల ఫోరానికి వెళదామన్నాడు. ఆ సంగతి తెలిసి మా ఆఫీసులో కంగారు పడి ఆరా తీశారు. నాకూ అప్పుడే తెలిసింది. 1986 నాటి చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారుల లెక్కలోకి రారు. ఒక మినహాయింపు ఉంది. బతుకుతెరువు కోసం తానే పనిచేసుకునేవాడు వస్తాడు. 1995లో ఓ సీఎన్‌సీ టర్నింగ్ మిషన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది. లేత్ కొనుక్కుని తానే నడుపుకునేవాడు, సాయానికి ఒకరిద్దర్ని పెట్టుకున్నా సరే, వినియోగదారుడే. ఇతరులను పెట్టి లాభం కోసం పెద్దఎత్తున నడిపించేవాడు కాడు. ఏది ఎటు అన్నది ఆ కేసును బట్టి చూడాలి. 2019లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఈ గీత ఇలాగే ఉంది.

మరి మా పెద్దాయన ఎటు? ఆయన రోజుకు పన్నెండు గంటలు మిషన్ ముందే ఉంటాడు. కానీ షెడ్డులో ఆరుగురు పనివాళ్లున్నారు. రెండు పక్షాలా వాదించొచ్చు. వాదించేలోగా ఏళ్లు గడిచిపోవచ్చు.

ఆ అల్లుడు ఇంకో మాట కూడా అన్నాడట. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ మధ్య నడిచిన అమ్మకపు పన్ను కేసులో 2004లో సుప్రీంకోర్టు, తయారుగా ఉంచి అందరికీ అమ్మే సాఫ్ట్‌వేర్ కూడా సరుకే అని తేల్చింది. ‘‘సరుకే అయితే పనిచెయ్యాల కదా?’’ అని అతని లాజిక్కు. బాగానే ఉంది. మరి కొలతలు తీసి కుట్టే పనో? అది సరుకు కాదు, చాకిరీ. గుడ్డ కొన్న షాపువాణ్ని కుట్టుకూలీ కూడా నువ్వే పెట్టుకో అంటే ఒప్పుకోడు. ‘కుట్టిన చొక్కా’ అని చెప్పి గుడ్డముక్క చేతిలో పెడితే కొన్నవాడూ ఒప్పుకోడు. మేం ఏం చెప్పి అమ్మాం? అన్నీ తిరిగి తిరిగి నేనన్న ఆ మాట దగ్గరికే వచ్చాయి.

పీవీసీ పైపు, స్కెచ్ పెన్ను

వసూలుకని జీడిమెట్ల వెళ్లాను. షెడ్డులో ఆయన నావైపు చూడలేదు. ఆ పాడైన దిమ్మెను తెచ్చి నా ముందు టేబుల్ మీద పెట్టాడు. చాలాసేపటికి అడిగాడు.

‘‘ఒక్క మాట జెప్పు బిడ్డా. ఆ రోజు నీకు తెల్వదా? తెలిసి చెప్పలేదా?’’

తెలియదని అనొచ్చు. ఇరవై ఆరేళ్ల కుర్రాణ్ని, నమ్మేవాడే. కానీ అంతకుముందు ఆ మజ్జిగ తాగి ఉన్నాను. ‘‘తెలుసు సార్’’ అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, ‘‘ముందే జెప్తే ముప్పయ్యైదు వేలు నేను ఇస్తుంటి కదా. గీ జాబు ఒక్కటి పోతే నాకెంత పోయిందో నీకెరుకనా?’’ అన్నాడు. అంతే. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్నేమో!

ఆ సాయంత్రం ఆఫీసుకు ఫోన్ చేయలేదు. అక్కడే కూర్చున్నాను. ఆయన పాత ప్రోగ్రాములు, మిషన్‌తో వచ్చిన మాన్యువల్ అడిగి తీసుకున్నాను. అమ్మేముందు అడగాల్సినవి, గొడవయ్యాక అడిగాను. బయట రాయించిన పాత ప్రోగ్రామ్‌లో చూస్తే కనబడింది. 359 తర్వాత 360, 361, 362... అలా పెరుగుతూనే ఉన్నాయి అంకెలు. సున్నాకు రావడం లేదు. టేబుల్ బిగించే అంకె, వదిలే అంకె కూడా మా పోస్ట్‌లో ఉన్నవి కావు, వేరేవి. ఆ ప్రోగ్రామ్ రాసినతనికి ఈ మిషన్ యాస ఎప్పుడో పట్టుబడింది. ఆయన జాబ్‌కు తీసుకునే డబ్బులో ఆ విద్య ఖరీదు కూడా ఉందని అప్పుడు అర్థమైంది.

మళ్లీ ఉక్కు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఆపరేటర్ కుర్రాడే ఉపాయం చెప్పాడు. దిమ్మె బదులు అదే సైజు పీవీసీ పైపు ముక్క బిగించి, చుట్టూ తెల్లకాగితం అంటించాం. కట్టర్ బదులు వాళ్ల ఇంట్లోని పిల్లల స్కెచ్ పెన్ను. మొదటి రాత్రి పెన్ను మళ్లీ వెనక్కి తిరిగి కాగితం మీద ఉంగరం గీసింది. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండో రాత్రి ముందుకే వెళ్లింది గానీ టేబుల్ వదలకుండానే తిరగబోయి అలారం కొట్టింది. మూడో రాత్రి పన్నెండు దాటాక, ఎర్రగీత 360 దాటి 361లోకి, అక్కడి నుంచి చివరిదాకా చక్కగా పాకుతూ వెళ్లింది. పెద్దాయన కాగితం విప్పి చాపలా పరిచి, స్కేలుతో కొలిచి, ఏమీ అనకుండా జేబులో పెట్టుకున్నాడు.

మార్చింది లెక్కేస్తే పదిహేను లైన్లు కూడా లేవు. ‘పదిహేను లైన్లకు ముప్పై అయిదు వేలా?’ అనిపించొచ్చు. ఆ లైన్లు ఏవో తెలుసుకోవడానికే మూడు రాత్రులు పట్టింది. డబ్బు దానికి.

ఆఫీసులో మాత్రం అక్షింతలు పడ్డాయి. ‘‘ఒకడికి ఊరికే చేస్తే రేపు అందరూ ఊరికే చేయమంటారు. అప్పుడు నీ జీతం ఎవరిస్తారు?’’ అన్నారు మేనేజర్. కోపంలో అన్నా ఆయన మాటలో తప్పులేదు. చివరికి పెద్దాయన పాడైన జాబ్ ఖర్చు పట్టుకుని మిగతాది చెక్కు రాసిచ్చాడు. పట్టుకున్న సొమ్ము నా ఇన్సెంటివ్‌లో కోశారు. అందరూ సమాధానపడ్డట్టే. కానీ తేదీకి క్యామ్ అందని ఆ ప్యాకింగ్ మిషన్ వాళ్లు తర్వాత ఆర్డర్ వేరేవాళ్లకు ఇచ్చేశారు. నా మాట మింగిన ఆ ఆర్డర్‌ను నేను తిరిగి తేలేకపోయాను.

తప్పు అన్నిసార్లూ ఒకవైపే ఉండదు

2011లో ఉద్యోగం మానేసి ఇదే పని సొంతంగా చేస్తున్నాను. మిషన్లకు పోస్టులు రాసిస్తాను. ఇన్నేళ్లలో కొన్నవాళ్ల వైపు తప్పులూ చూశాను.

ఓసారి చర్లపల్లి నుంచి ఫోన్. ‘‘మీ పోస్ట్ వల్ల జాబ్ పోయింది. డబ్బు వెనక్కివ్వండి’’ అని కేకలు. వెళ్లి చూస్తే ప్రోగ్రామ్‌లో ఒక లైను చేత్తో దిద్ది ఉంది. ఎక్స్ 100 అని కొట్టారు. వంద తర్వాత చుక్క పెట్టలేదు. చాలా ఫానుక్ కంట్రోలర్లలో మామూలు సెట్టింగులో చుక్క ఉంటేనే వంద మిల్లీమీటర్లు. చుక్క లేకపోతే వంద మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో పదోవంతు. ఒక్క చుక్కకు వెయ్యి రెట్ల తేడా! దిద్దిన కుర్రాడు భయపడి చెప్పలేదు. ఓనరు మామీద పడ్డాడు. పోస్ట్ రాసిచ్చిన రోజు ఏ ఫైలు ఇచ్చానో కాపీ నా దగ్గరుంది కాబట్టి బతికిపోయాను. ఆ ఓనరు తర్వాత కుర్రాణ్ని తిట్టబోతే, ‘‘వద్దండీ. భయపెడితే ఈసారీ చెప్పడు’’ అన్నాను.

ఇంకొందరుంటారు. ఒక మిషన్‌కు రాయించుకుని, దాన్నే మూడు మిషన్లకు వాడతారు. మిషన్‌లో సెట్టింగులు మార్చేసి, ‘మొన్నటిదాకా నడిచింది కదా’ అంటారు. ‘చిన్న మార్పే కదా’ అంటూ ఏడాదంతా ఉచితంగా చేయించుకోవాలని చూస్తారు. అమ్మేవాడు మొదట దాచిన ఖర్చును, కొనేవాడు చివర్లో ఇలా రాబట్టుకుంటాడు కాబోలు.

అందుకే నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతున్నాను. ఇంట్లో ఎవరైనా ఇలాంటి షెడ్డు నడుపుతుంటే వినిపించండి. కొనేముందు మీ మిషన్ మోడల్, కంట్రోలర్ పేరు, మాన్యువల్, బాగా నడిచిన ఒక పాత ప్రోగ్రామ్ అమ్మేవాళ్ల చేతికివ్వండి. మీరు చేసేవాటిలో అన్నిటికన్నా కష్టమైన జాబ్ ఒకటి చూపించి, ‘‘ఇది మా మిషన్ మీద వచ్చాకే చివరి సొమ్ము’’ అని కాగితం మీద రాయించండి. చదునైన ప్లేటు చూసి సంతకం పెట్టకండి. పోస్ట్ మార్పులకు ఎంత, ఎన్నిసార్లు, ఎన్ని నెలల వరకు అన్నది వేరే లైనుగా ఉండాలి. ఫైలు కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఇక అమ్మే తమ్ముళ్లకు ఒకటే మాట. ధర చెబితే కొనేవాడు ఒక రోజు ఆలోచిస్తాడు. చెప్పకపోతే జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు.

క్రితం ఏడాది పెద్దాయన ఫోన్ చేశాడు. ఇప్పుడు షెడ్డు వాళ్లబ్బాయి చూసుకుంటున్నాడు. అయిదు వైపులా తిరిగే కొత్త మిషన్ కొన్నారు. దానికి సాఫ్ట్‌వేర్ అమ్మడానికి ఎవరో వస్తున్నారట. ‘‘ఒకసారి వచ్చి కూసో బిడ్డా’’ అన్నాడు. వెళ్లాను. ఆ పాడైన దిమ్మె ఇప్పటికీ ఆఫీసు బల్ల మీదే ఉంది. కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడు.

వచ్చిన కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు. తెరమీద బొమ్మ గిరగిరా తిరుగుతోంది. అంతా అయ్యాక పెద్దాయన అడిగాడు. ‘‘మా మిషన్ మీద నడుస్తదా?’’

‘‘నడుస్తుంది సార్. పోస్ట్ లోపలే ఉంటుంది.’’

పెద్దాయన నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన నవ్వి, ఆ దిమ్మెను ఆ కుర్రాడి ముందుకు జరిపాడు. ‘‘చూడు బిడ్డా. దీనికి కూడా లోపల్నే ఉండె’’ అన్నాడు. కుర్రాడి మొహంలో రంగు మారింది. ఏం చెప్పాలో తెలియక నావైపు తిరిగాడు.

‘‘మార్చడానికి ఎంతవుతుందో నీకు తెలుసు కదా తమ్ముడూ? క్వొటేషన్ కింద ఇంకో లైను రాయి’’ అన్నాను.

రాశాడు. లక్షా ఇరవై వేలు. పెద్దాయన ఆ అంకె చూసి, కొడుకుతో, ‘‘ఎక్కువే. కానీ చెప్పిండు కదా. కొంచెం తగ్గిచ్చి తీసుకో’’ అన్నాడు.